గడప మీద నాలుగు చామంతులు

తలుపు తీయగానే గడప మీద పూలు కనిపించాయి. నాలుగు తెల్ల చామంతులు, ఊలుదారంతో కట్టినవి. మా రష్యాలో బతికున్నవాళ్ళకు సరిసంఖ్యలో పూలివ్వం. సరిసంఖ్య పోయినవాళ్ళకే. పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, నాలుగు పూలకు రెండోసారి లెక్కపెట్టక్కర్లేదు. అయినా లెక్కపెట్టాను.

వసంతంలో ఈ మెట్ల కిందే నా భర్త అర్సేనీని ఎవరో ఇనపకడ్డీతో కొట్టారు. ఆస్పత్రిలో పోయాడు. రష్యాలో రాయనివ్వని సంగతులు చెక్ దేశంలోని ఈ బ్ర్నో నగరానికి వచ్చి రాసేవాడు. కొట్టిందెవరో ఇంకా తెలియలేదు. ఆ పూలు చూసి, ఇక నా వంతు అని ఆ కొట్టినవాళ్ళే చెప్పి పంపారనుకున్నాను.

ఆదివారాలు మా ఇంట్లో, మాలాగే దేశం విడిచివచ్చినవాళ్ళ పిల్లలకు చదువు చెప్పేవాళ్ళం. ఆయన పోయాక మానేశాను. పిస్తోలుకు లైసెన్సు వచ్చాకే మళ్ళీ తలుపు తెరుస్తానని తల్లిదండ్రులకు చెప్పాను. పూలు పారేయడానికి చెయ్యి రాలేదు. బాల్కనీలో పెట్టి పిస్తోలు శిక్షణకు వెళ్ళాను.

"పొజొర్!" అని అరిచాడు శిక్షకుడు ఒతకర్, నా వేలు ట్రిగ్గరు మీదికి పోవడం చూసి.

చెక్ భాషలో ఆ మాటకు జాగ్రత్త అని అర్థం. మా రష్యన్‌లో సిగ్గుచేటు అని. ఇన్నేళ్ళుగా ఇక్కడున్నా నా చెవికి మా అర్థమే ముందు తగులుతుంది.

"ఏం టీచరమ్మా, ఇవాళ గురి గోడ మీదా?"

"చెయ్యి వణుకుతోందండీ."

"పంతొమ్మిది వందల ముప్పై తొమ్మిదిలో మా ముత్తాత చెయ్యీ వణికిందట. జర్మన్లు వచ్చి తుపాకులు అప్పగించమన్నారు. లైసెన్సున్న బుద్ధిమంతుడు కదా, తుడిచి, నూనె రాసి మరీ ఇచ్చొచ్చాడు. తర్వాత మీ రష్యావాళ్ళ కాలం వచ్చింది. వేటతుపాకీ కావాలన్నా పార్టీ పెద్దల దయ ఉండాల్సిందే. ఇప్పుడు లైసెన్సుకు పరీక్ష ఉంది, చూసి సరేననడానికి డాక్టరున్నాడు, చట్టం ఉంది. చూడండి చిత్రం, మీవాళ్ళ నుంచి కాపాడుకోవడం మీకే నేర్పుతున్నాను!"

"ఆ మావాళ్ళకు భయపడే కదండీ మేమూ వచ్చింది."

ఆయన నవ్వు ఆగిపోయింది.

"తెలుసమ్మా. నోరు జారాను." పిస్తోలు నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. "ఈ చేత్తో డాక్టరు దగ్గరికెళ్ళకండి. కాస్త నిద్రపోయి వచ్చేవారం రండి."

ఇంటికొచ్చేసరికి కింది వాటాలో ఉండే ముసలావిడ క్వేత మెట్ల మీద నిలబడి ఉంది.

"పూలు చూశావా అమ్మాయ్?"

"మీరా పెట్టింది?"

"ఇంకెవరు పెడతారే? రేపు పోయినవాళ్ళ పండగ. మా ఆయనకు ఆరు కొన్నాను, మీ ఆయనకు నాలుగు. సమానంగా కొందామనుకున్నా గానీ, మా ఆయనకు అసూయెక్కువ."

"గడప మీద పెట్టారేమండీ?"

"మరెక్కడ పెట్టను? సమాధి ఉందా ఏమన్నానా? మనిషి బూడిదను పుస్తకాల అలమారలో పెట్టుకున్నావు. తలుపు కొడితే పలకవు."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. పోయినవాళ్ళకు నాలుగు అని పొద్దున్నే చెప్పుకున్నాను. కానీ పోయినవాడు మా ఇంట్లోనే ఉన్నాడని, ఆ పూలు ఆయన కోసం కావచ్చని తట్టలేదు. ఎప్పటికైనా రష్యాలో ఆయన సొంతూరు ప్స్కోవ్ తీసుకెళ్ళి వాళ్ళమ్మ పక్కన పెడదామని ఆయన్ను అలమారలో ఉంచాను.

"భయపడ్డావా?" క్వేత గొంతు తగ్గింది. "అయ్యో, నా మొద్దుబుర్ర!"

"మీ తప్పేం లేదండీ."

"లే మరి. రేపు నాతో రా. మా ఆయన వరసలో చోటు ఖాళీగా ఉంది, అడుగుదాం. మీ ఊరు ఎటూ పోదులే. అప్పటిదాకా ఆయన ఇక్కడుంటాడు."

లైసెన్సు దరఖాస్తు వెనక్కి తీసుకోలేదు. భయం పోయిందని అబద్ధం చెప్పలేను. కానీ ఆ సాయంత్రమే పిల్లల ఇళ్ళకు ఫోన్లు చేశాను. ఆదివారం పంపమన్నాను. లైసెన్సు వచ్చిందా అని ఒక తల్లి అడిగింది. రాలేదు, తలుపు దగ్గర క్వేత గారు కూర్చుంటానన్నారు అని చెప్పాను. అయితే పిల్లాణ్ణి తీసుకొస్తానంది.

మర్నాడు శ్మశానంలో అంతటా దీపాలే. నాలుగు చామంతులూ గుండెకు పొదువుకుని నడిచాను. వాన పడి మెట్లు జారుతున్నాయి.

"పొజొర్!" అంది క్వేత, నా మోచెయ్యి పట్టుకుని.

జాగ్రత్త అన్నట్టే వినిపించింది.