అరవై రెండో పేజీ

లిఫ్టు పనిచెయ్యడం లేదు. నాలుగో అంతస్తు ఎక్కేసరికి అక్కకు ఆయాసం, చెల్లెలికి గుండెదడ. అక్క ఆయాసం రెండు నిమిషాల్లో తగ్గింది. చెల్లెలి దడ మెట్లవల్ల వచ్చింది కాదు కాబట్టి తగ్గలేదు.

కథ రాసింది చెల్లెలు. చెప్పవలసింది అక్క. ఈ ఏర్పాటు ఇవాళ్టిది కాదు. చెల్లెలు కాగితం మీద పులి, నలుగురి ముందు పిల్లి. సినిమావాళ్లేమో రాసింది చదవరు, చెబితే వింటారు. ఎదుట కూర్చుని రెండు గంటలు కథ చెప్పలేకపోతే, ఎంత బాగా రాసినా వాళ్ల లెక్కలో రానట్టే. మొదట్లో రెండుసార్లు తనే వెళ్లింది. ఒకచోట నాలుక పిడచకట్టుకుపోయి హీరో పేరే మరిచిపోయింది. ఇంకోచోట సగంలోనే లేపి, మెయిల్ చెయ్యమ్మా అని సాగనంపారు. అప్పట్నుంచి, ఒకటో తరగతి పిల్లలు నలభై మందిని ఒక్క గొంతుతో కూర్చోబెట్టే అక్క బడికి సెలవు పెట్టుకుని మరీ వెంట వస్తోంది.

పదకొండేళ్లుగా ఎక్కే గుమ్మం, దిగే గుమ్మం. చెల్లెలు డబ్బింగ్ సీరియళ్లకు మాటలు రాసింది, సబ్బుల ప్రకటనలకు రాసింది, తన పేరు పడని సినిమాలకు సీన్లు రాసింది. మానెయ్యమన్నవాళ్లందరికీ అలాగేనని తలూపి, ఇంటికొచ్చి మళ్లీ రాసింది. "మరదలా, ముందు నీ సినిమా వస్తుందా, నాకు జుట్టు వస్తుందా?" అని బావ అడుగుతుంటాడు. ఆయనది పూర్తి బట్టతల.

ఇన్నాళ్లకు ఒక కథ ఒక గడప దాటింది. దర్శకుడికి నచ్చింది. నిర్మాత కూడా ఇవాళ విని సరేనంటే వచ్చే నెలలో పని మొదలవుతుంది, తెర మీద మొదటిసారి ఆమె పేరు పడుతుంది. కాదంటే దర్శకుడు ఇంకో కథ చూసుకుంటాడు. అయితే ఆమె దడకు అదొక్కటే కారణం కాదు. ఫైల్లో అరవై రెండో పేజీ ఒకటుంది. దాన్ని అక్క ఇంకా చూడలేదు.

ఏ పేజీ అయినా అక్క మూడుసార్లు చదివాకే ఇల్లు దాటేది. కిందటి వారం దర్శకుడు ఫోన్ చేసి, ఆసుపత్రి భాగంలో మనసు పిండేసే సీను ఒక్కటి కావాలన్నాడు. ఆమె ఏడు రాసి ఏడూ చించేసింది. ఎనిమిదోది గంటలో వచ్చేసింది. ఎందుకు రాదు? అది కల్పించింది కాదాయె. ఎనిమిదేళ్ల కిందట ఆపరేషన్ అయిన అమ్మ పక్కన అక్క ఒక్కతే ఉంది. సాయంత్రం దాకా చుక్క నీళ్లు పట్టకూడదని డాక్టర్లు చెప్పారు. అమ్మ నీళ్లడిగింది. మర్నాడు తెల్లవారేసరికి పోయింది. "అడుగుతూనే ఉందే, నేనివ్వలేదు" అని అక్క ఒకే ఒక్కసారి, చెల్లెలికి మాత్రమే చెప్పుకుంది. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆ బాధను చెల్లెలు తన కథలోని కూతురికి తగిలించింది. చూపిస్తే అక్క వద్దంటుందని భయం, చూపించకుండా చదివించడం ఘోరమని తెలుసు. భయమే గెలిచింది. పొద్దున బస్సెక్కేముందు ఆ పేజీ ఫైల్లో దూర్చి, చిన్న మార్పేనని చెప్పింది. దారంతా తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

నిర్మాత గది చిన్నది. గోడల మీద పాత పోస్టర్లు, బల్ల మీద మూతల్లేని పెన్నులు. ఆయన కళ్లు మూసుకుని వింటాడు. వింటున్నాడో నిద్రపోతున్నాడో ఆయన దగ్గర పదేళ్లు పనిచేసిన మేనేజరు కూడా చెప్పలేడట. అక్క గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. పదో పేజీలో పక్క కుర్చీలోని దర్శకుడు నవ్వాడు. పాతికో పేజీలో నిర్మాత కూడా కళ్లు తెరవకుండానే నవ్వాడు. మామూలుగా అయితే చెల్లెలికి ప్రాణం లేచొచ్చేది. ఇవాళ ఆమె కళ్లు పేజీ చివరి అంకెల మీదే ఉన్నాయి. నలభై. నలభై ఎనిమిది. టీలు వచ్చాయి. ఆమె కప్పు అలాగే చల్లారిపోయింది.

యాభై ఎనిమిది దగ్గర నోరు తెరిచింది. అరవై రెండు వదిలెయ్యమని చెప్పాలి, అంతే. నిర్మాత ఒక కన్ను తెరిచి ఏంటమ్మా అని అడిగాడు. ఏం లేదండి అంది.

అక్క పేజీ తిప్పింది. మంచం మీద తల్లి, పక్కన స్టూలు మీద కూతురు. తల్లి ఒక్క గుక్క నీళ్లిమ్మంటుంది. అక్క గొంతు ఆ మాట దగ్గర నెమ్మదించింది, కిందికి నాలుగు లైన్లు కళ్లతోనే చదువుకుంది, తలెత్తి చెల్లెల్ని చూసింది. తిట్టినా బాగుండేది. ఆ చూపును చెల్లెలు తట్టుకోలేక తల దించుకుంది.

అక్క ఫైలు మూసి ఒళ్లో పెట్టుకుంది.

"కూతురు నీళ్లివ్వలేదని ఇక్కడ రాసుందండి" అంది. "కానీ ఇచ్చింది. చెంచాతో రెండుసార్లు. తాగి, ప్రాణం లేచొచ్చిందే అంది తల్లి. కాసేపటికి దగ్గు పట్టుకుంది. నర్సు వచ్చి అడిగితే ఇవ్వలేదని చెప్పింది కూతురు. తర్వాత చెల్లెలికీ అదే చెప్పింది. తల్లి ఆ నీళ్లవల్లే పోయిందో, ఎలాగూ పోయేదో, ఎవర్నడగాలో దానికి తెలీదు."

నిర్మాత కళ్లు తెరిచాడు. ఈ మాట పేజీలో లేదా అని అడిగాడు. లేదంది అక్క. ఇదేనండీ మన సినిమా, ఇలాగే రాయించుకుందాం అన్నాడు దర్శకుడు, కుర్చీ అంచుకు జరిగి.

చెల్లెలు లేచి నిలబడింది. ఆ సీను తీసేస్తానండి అంది. అది లేకపోతే నాకీ కథే వద్దమ్మా అన్నాడు నిర్మాత. పదకొండేళ్ల కష్టం కళ్లముందే నేలపాలవుతున్నా ఆమె కూర్చోలేదు. తీసేస్తాననే మళ్లీ అంది.

"ఉంచండి" అంది అక్క. "ఎనిమిదేళ్లకి నోరు పెగిలింది. ఇప్పుడు కొట్టేస్తే ఇక దీన్నెవరికీ చెప్పుకోలేను."

గదిలో అందరికీ అర్థమైంది. అక్క ఫైలు తెరిచి, మిగతా కథంతా తడబడకుండా చివరిదాకా చెప్పింది. నిర్మాత లేచి ఇద్దరికీ దణ్ణం పెట్టి, వచ్చే నెల ఐదున మొదలుపెడదామన్నాడు.

మెట్లు దిగుతుంటే తన ఆనందం ఎక్కడుందో చెల్లెలికి తెలియలేదు. వెతుక్కోవడానికే సిగ్గేసింది. రెండో అంతస్తు మలుపులో అక్క ఆగింది.

"ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. నేనిచ్చానని అనగానే ముందు నీకు అమ్మ గుర్తొచ్చిందా, సీను బాగుందనిపించిందా?"

లేనివన్నీ ఉన్నట్టు రాసి బతికిన మనిషికి ఆ క్షణాన ఒక్క అబద్ధం దొరకలేదు.

"సీనే అక్కా" అంది.

అక్క రెయిలింగు పట్టుకుంది. తర్వాత తలూపి, "అయితే బాగానే రాస్తావులే" అని మిగతా మెట్లు దిగసాగింది.

ఆ మాటలో కాస్త కోపమైనా ఉంటే బాగుండునని చెల్లెలికి అనిపించింది.