నార చుట్టిన జాయింటు

అత్తగారింటి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అల్లుడి ముక్కుకు వాసన తగిలింది. సెలవు రోజే, కానీ అతని ముక్కుకు సెలవు ఉండదు. ఇళ్ళకి పైపుల్లో గ్యాసు ఇచ్చే కంపెనీలో లీకులు చూసే ఉద్యోగం. వారమంతా వాళ్ళ వంటింట్లోకీ వీళ్ళ వంటింట్లోకీ దూరి వాసన పట్టడమే పని. అలాంటివాడు కూడా ఒక్క క్షణం ఇది పక్కింటి నుంచి వస్తోందేమో అనుకున్నాడు. ఎందుకంటే ఇది మేస్త్రి ఇల్లు.

మేస్త్రి అంటే అతని మామగారు. బతుకంతా నీళ్ళ పైపులు బిగించిన మనిషి. ఆ వీధిలో కుళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నాయంటే అది ఆయన చేతి చలవే. అల్లుడికి పానా పట్టుకోవడం నేర్పింది ఆయనే. అతను ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు, కడుపు నిండా తిట్లు తిన్నాడు, చివరికి ఆయన కూతుర్నే చేసుకున్నాడు. గ్యాసు కంపెనీలో చేరి ఇన్నేళ్ళయినా, ఆయన పనిని చూసి 'ఇది తప్పు' అని ఏనాడూ అనలేదు. అనే అవసరం రాలేదు. వచ్చుంటే ధైర్యం చాలేది కాదని కూడా ఒప్పుకోవాలి.

"ఎండలో పడి వచ్చారు, కాస్త టీ పెడతాను," అంటూ అత్తగారు వంటింట్లోకి నడిచి, ఫ్యాను స్విచ్ మీద చెయ్యి వేయబోయింది.

"స్విచ్ ముట్టుకోకండి!"

ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అల్లుడు ఆవిడ ముందు గొంతు పెంచడం అదే మొదలు.

"ఏంటండీ ఆ అరుపు మా అమ్మ మీద?" అని భార్య వెనకనుంచి గయ్యిమంది.

"గ్యాసు. ఇద్దరూ బయటికి వెళ్ళండి. వీధి తలుపు తెరిచే ఉంచండి."

కిటికీలు బార్లా తెరిచాడు, పెరటి తలుపు తీశాడు. గ్యాసు మీటరు పెరట్లో ఉంది. అటు అడుగు వేసేలోపు మామగారు తలకి తువ్వాలు చుట్టుకుని స్నానాల గదిలోంచి వచ్చాడు. సంగతి ఒక్క ముక్కలో విన్నాడు. మొహం మాడ్చుకుని గూట్లో ఉన్న అగ్గిపెట్టె అందుకున్నాడు.

"లీకుందో లేదో ఇది చెబుతుంది. జాయింటు దగ్గర పెడితే తేలిపోతుంది."

పుల్ల బయటికి రాకముందే అల్లుడు ఆయన చెయ్యి ఒడిసిపట్టుకున్నాడు. ఏ చెయ్యి తనకి పని నేర్పిందో ఆ చెయ్యి. అగ్గిపెట్టె లాక్కుని పెరట్లోకి పరిగెత్తి, మీటరు దగ్గర వాల్వు కట్టేశాడు.

ఆడవాళ్ళు ఇంటి పక్కనుంచి పెరట్లోకి వచ్చారు. వాసన పూర్తిగా పోయేదాకా అందరూ అక్కడే నిలబడ్డారు. అప్పుడు అత్తగారు నోరు విప్పింది. "వాసనొస్తోందని నేను మొత్తుకుంటూనే ఉన్నాను బాబూ. కూర మాడిందేమో చూసుకో అన్నారు."

మామగారు వినపడనట్టు తువ్వాలు దులిపాడు.

కిందటేడు అత్తగారు వెలుతురు కావాలంటే, పొయ్యి గట్టును కిటికీ పక్కకి మార్చారు. గట్టుతోపాటు గ్యాసు పైపూ జరగాలి కదా. ఇంట్లో ఇంత మేస్త్రి ఉండగా కంపెనీ వాళ్ళని పిలవడమా అని ఆయనే మార్చేశాడు. అల్లుడికి చెప్పను కూడా లేదు. ఇప్పుడు అల్లుడు గట్టు కింద కూర్చుని జాయింటుకి సబ్బు నీళ్ళు రాసి, భార్య చేత వాల్వు కాస్త తిప్పించాడు. నురగ బుడబుడలాడుతూ ఉబ్బింది. వెంటనే కట్టేయమన్నాడు. నట్టు అంచున నార పోగులు, వాటి మీద నీళ్ళ పైపులకి పూసే తెల్ల రంగు, ఎండిపోయి. ఎవరి పనో అడగక్కర్లేదు.

"నార చుట్టారా మామయ్యా?"

"నారే చుడతారు, మరి పట్టుదారం చుడతారా?"

"నీళ్ళ పైపులో అయితే నార తడిసి ఉబ్బుతుంది, మరల్లో సందు పూడ్చేస్తుంది. గ్యాసులో తడెక్కడుంది? ఎండి ముడుచుకుపోతుంది."

"నీకు ముక్కు తుడుచుకోవడం రానప్పటినుంచి పైపులు బిగిస్తున్నాను. నా పని మీద ఒక్క చుక్క కారిందని ఎవడైనా అన్నాడా?"

"నీళ్ళు కారితే కనపడతాయి. ఇది కనపడదు కదా."

మామగారు విసురుగా వీధరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

భార్య దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "మీ బండిలో ఆ టేపేదో ఉంటుందిగా. చుట్టి బిగించేయండి. సీలూ గీలూ అన్నారంటే మా నాన్న ఈ వీధిలో తలెత్తుకోలేడు."

అతనికీ అలాగే చేయాలనిపించింది. ఇంకో ఇల్లయితే రెండో ఆలోచన లేకుండా సీలు వేసేవాడు. పని తెలియనివాళ్ళు పైపు మార్చిన చోట సరఫరా ఆపి సీలు వేయాలి. కంపెనీ వాళ్ళు వచ్చి పైపంతా పరీక్షించేదాకా తీయకూడదు. అతని ఉద్యోగానికి అది ఓనమాలు. కానీ ఇక్కడ సీలు వేయడమంటే తన గురువు నెత్తిన కొట్టినట్టే. బయట కనపడే జాయింటు ఒక్కటే. దాన్ని బిగించేయొచ్చు. గోడలో పూడ్చేసిన జాయింట్ల సంగతి? వాటికి చుట్టింది కూడా ఆ నారే.

"ఆ గోడకి అవతల మీ అమ్మ మంచం," అన్నాడు.

భార్య పక్కకి తప్పుకుంది.

సీలు వేసి వీధిలోకి వచ్చేసరికి మామగారు తల తిప్పకుండానే పలకరించాడు. "అయిందా అల్లుడుగారూ? మీటరుకొక్కదానికేనా, నా చేతులకి కూడా వేస్తారా?"

ఆ 'గారు' ముల్లులా దిగింది. నాలుగు తిట్లు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. అతను అరుగు చివర కూలబడ్డాడు. ఆ పూట ఇంట్లో వంట లేదు. లోపల తల్లీకూతుళ్ళు బన్నులూ పళ్ళూ పళ్ళెంలో పెట్టి పిలిచారు. ఇద్దరూ కదల్లేదు. వీధిలో వంటల వేళ. ఎదుటి ఇళ్ళ కిటికీల్లోంచి తాలింపు చప్పుళ్ళు వినపడుతున్నాయి.

చాలాసేపటికి మామగారు అడిగాడు. "ఎండిపోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

మళ్ళీ గొడవకే దిగుతున్నాడనుకుని అతను ముక్తసరిగా చెప్పాడు. "ఒక్క ఎండాకాలం చాలు."

మామగారు ఎదుటి కిటికీల వైపు చూస్తూ ఉండిపోయాడు. మొహంలో కోపం పోయి భయం వచ్చింది. ఆయన భయపడగా అల్లుడు ఎప్పుడూ చూడలేదు. లేచి లోపలికి వెళ్ళి చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఎక్కడికి మామయ్యా?"

"టైలరింటికి. మా గట్టు చూసి వాళ్ళూ మార్పించుకున్నారు. ఆ పక్కన టీచరమ్మ, మూల మీద మందుల కొట్టాయన. అన్నీ నేను చేసినవే."

అల్లుడు గబగబా అన్నాడు, "మీరు కూర్చోండి. కంపెనీ తనిఖీ అని చెప్పి నేను చూసొస్తాను. మీ పేరు బయటికి రాదు."

"తనిఖీ అంటే వంటయ్యాక రమ్మంటారు. నేను చెబితే ఇప్పుడే ఆపుతారు."

ఆయన అప్పటికే మెట్లు దిగిపోయాడు. అల్లుడు వెనకే పరిగెత్తాడు.

టైలర్ ముందుగదిలో మిషను మీద ఉన్నాడు. అతని భార్య చంకలో పిల్లతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. వెనక పొయ్యి మీద నూనె చిటపటలాడుతోంది.

"అమ్మా, పొయ్యి ఆపి పిల్లని తీసుకుని బయటికి రా. గ్యాసు పైపు ఎక్కడైనా వదులైందేమో చూడాలి," అన్నాడు మేస్త్రి.

టైలర్ గుడ్డ మీంచి తలెత్తి నవ్వాడు. "భలేవారే! ఆ పైపు పెట్టింది మీరు కదా మేస్త్రిగారూ, దానికేమవుతుంది?"

అల్లుడు తానేదో సర్దిచెప్పబోతే మేస్త్రి చేత్తో వారించాడు.

"నేను పెట్టాననే వచ్చాను. నాకు నీళ్ళ పని వచ్చు. గ్యాసు పని రాదు."

టైలర్ కాలు మిషను మీంచి తీశాడు. లోపల నూనె చప్పుడు ఆగింది. అల్లుడు మీటరు వెతకడానికి ఇంటి పక్కకి తిరిగాడు. ఆ వాల్వు కట్టేసి వచ్చేసరికి మేస్త్రి టీచరమ్మ గుమ్మంలో నిలబడి తలుపు తడుతున్నాడు.