లోకల్ సీటు కోసం

ఒమాన్‌లో మేముండే సలాలాలోని ఇంటర్నేషనల్ స్కూలు మా సహస్రకు డిప్లొమా కోర్సులో ఉచితంగా సీటిస్తానంది. ఇంటర్‌కు బదులు రెండేళ్లు చదవాలి. స్కూల్లో మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి ఏదీ దాచకుండా చెప్పింది. ఆరు సబ్జెక్టులు, పైగా సొంతంగా పరిశోధన చేసి పెద్ద వ్యాసం రాయాలి, నిద్రకు కూడా కరువేనంది. నా బిడ్డ భయపడిందా? వానలకు ఇక్కడి కొండల మీద మొలిచే మొక్కల గురించి రాస్తానని అక్కడే చెప్పేసింది. దాని మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికి రాగానే మా ఆయన ప్రభాకర్ అడ్డం తిరిగాడు.

"డాక్టరైతనంటది గదా. ఇంటర్ గిక్కడ చదివితే మన తెలంగాణల లోకల్ పోతది. లోకల్ పోతే మెడికల్ సీటెట్లొస్తది?"

"గా ముచ్చట నీకెవలు చెప్పిన్రు?"

"అన్న చెప్పిండు. ఇంటర్ రెండేండ్లు ఆడ చదివితే చాలట."

అన్న అంటే జగిత్యాలలో ఉండే మా బావగారు గణపతి. ఆయన మాటంటే ఈయనకు వేదం.

"ఎవలన్న తెలిసినోళ్లను అడుగరాదు?" అన్నాను.

"నీకెర్కనా, మా అన్నకెర్కనా?" అని కసిరాడు.

నిజానికి మా కంపెనీ క్వార్టర్స్‌లో అందరిదీ ఇదే తంతు. పదో తరగతి అయిందంటే పిల్లల్ని విమానమెక్కించి కరీంనగర్ హాస్టళ్లలో పడేస్తారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. సహస్ర వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి, "డాక్టర్ సీటొస్తదంటే పోత డాడీ" అంది. దాన్ని కూడా కరీంనగర్ హాస్టల్లో చేర్పించాం. ఇక్కడ దాని సీటు ఇంకెవరి పిల్లకో ఇచ్చేశారు.

ఫస్టియర్ అయిపోయాక సర్టిఫికెట్లు చూసిన లెక్చరర్ అసలు సంగతి చెప్పాడు. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరుసగా తెలంగాణలోనే చదివిన వాళ్లే లోకల్. మా పిల్ల తొమ్మిది, పది చదివింది ఒమాన్‌లో. ఇంటర్ అక్కడ చదివినా నాన్‌లోకలే. మిగిలింది ఆలిండియా కోటా ఒక్కటే. అయ్యో రామా, దానికైతే ఇక్కడ డిప్లొమా చదివి కూడా పోటీ పడొచ్చు కదా!

మా ఆయన వెంటనే అన్నకు ఫోన్ కలిపాడు.

"గట్లనా తమ్మీ? అందరు అంటున్నరని నేను గూడ చెప్పిన" అన్నాడు ఆ పెద్దమనిషి. నా బిడ్డ బతుకుతో ఆడుకోవడానికి ఈ అందరూ ఎవరు?

మర్నాడు ఇద్దరం స్కూలుకు పరుగెత్తాం. పాపం, మేడమ్ చాలాసేపు మాట్లాడింది. రెండేళ్ల కోర్సులో మధ్యలో చేర్చుకోరట, ఉచిత సీట్లు ఈ ఏడాదికి కూడా నిండిపోయాయట. ఫీజు కట్టి చదివించడం మా తాహతు కాదని ఆమెకూ తెలుసు.

సాయంత్రం సహస్ర ఫోన్ చేసింది. "అమ్మా, ఇంటికి రానీకి పెట్టె సర్దుకున్న. డాడీ టికెట్ తీసిండా?"

"లేదు బిడ్డా. సీటు లేదన్నరు."

అది మెల్లగా అడిగింది, "మరి నన్నెందుకు తోలిచ్చిన్రే అమ్మా?"

స్పీకర్‌లో ఆ మాట విని మా ఆయన గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన్ను కడిగేద్దామనే నోరు తెరిచాను. నాకూ ఏడుపే వచ్చింది.