ఒకటి అడిగితే రెండు

మా అక్క పరుపులు కుడుతుంది. మా వాళ్ళలో ఎవరు కొత్త కాపురం పెట్టినా గిన్నెలూ చెంబులూ తర్వాత, ముందు అక్క కుట్టిన పరుపు ఇంట్లోకి వెళ్ళాలి. అది ఎవరో పెట్టిన నియమం కాదు, అలా అలవాటైపోయింది. నా పరుపూ ఆమె కుట్టిందే. మా ఆయన పోయి ఇన్నేళ్ళయినా దాని మూలలు కుంగలేదు. పరుపు పనితనమంతా మూలల్లోనే ఉంటుంది. నడుమ ఎవరైనా కుడతారు, మూలకి దూది ఎక్కించి దబ్బనంతో బిగించడం అందరి వల్లా కాదు.

అక్క మనసు మంచిది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెబితే మీరు నమ్మరు.

ఆమెకి ఒక్కతే కూతురు. ఆస్పత్రిలో నర్సు. ఆ పిల్ల కొన్నేళ్ళుగా ఇంకో అమ్మాయితో కలిసి ఉంటోంది. ఆ అమ్మాయి బడి బస్సు నడుపుతుంది కాబట్టి మేమంతా డ్రైవరు పిల్ల అంటాం. వాళ్ళు ఒకరికొకరు ఏమిటో మా అందరికీ తెలుసు, అక్కకి అందరికంటే ముందే తెలుసు. తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఎవరైనా అడిగితే "స్నేహితురాళ్ళు" అని మాట తుంచేసేది. డ్రైవరు పిల్లకి కామెర్లొచ్చినప్పుడు రోజూ మజ్జిగ మోసుకెళ్ళింది. గుమ్మంలో చెంబు పెట్టి తిరిగొచ్చేది తప్ప ఒక్కసారీ లోపలికి అడుగుపెట్టలేదు.

వాళ్ళిద్దరూ కాస్త పెద్ద ఇంటికి మారారు. మర్నాడు కూతురు అక్క కొట్టుకి వచ్చింది. ఇంటి ముందు గదే ఆమె కొట్టు.

"అమ్మా, నాకూ ఒక పరుపు కుట్టవే. డబుల్ కాట్‌ది" అంది.

అక్క తలెత్తలేదు. "సరే, కుడతాను" అంది.

ఆ సరే వినగానే పిల్ల ముఖం విప్పారింది. వెళ్తూ వెళ్తూ పక్కనే కూర్చున్న నా బుగ్గ గిల్లింది, నేనేదో సిఫారసు చేసినట్టు.

తర్వాత నేను కొట్టుకి వెళ్ళేసరికి గుడ్డ రెండు ముక్కలుగా కత్తిరించి ఉంది. రెండూ సన్నవి, ఒంటి మనిషికి సరిపోయేవి.

"అదేంటక్కా, పిల్ల ఒకటి కదా అడిగింది?"

"ఇద్దరు మనుషులు, రెండు పరుపులు. లెక్క కుదరలేదా?"

"నా దగ్గరా నీ లెక్కలు?"

అక్క దబ్బనం పక్కన పెట్టింది. "నీ పెళ్ళికి కుట్టేటప్పుడు ప్రతి కుట్టుకీ నువ్వూ మరిదిగారూ చల్లగా ఉండాలనుకుంటూ కుట్టానే. ఎవరికి కుట్టినా అంతే. దీనికి ఏమనుకోమంటావు? నోటితో అబద్ధాలు ఎన్నయినా ఆడతాను. చేత్తో ఆడలేను."

ఉన్నంతలో మంచి దూది ఏరి, ఒకటికి రెండింతల చాకిరీ చేసి, ఆ రెండూ కుట్టింది. నడుం పట్టేసి గోడ పట్టుకుని లేచేది.

వాటిని వ్యానులో వేసుకుని ఇద్దరం వెళ్ళాం. డ్రైవరు పిల్ల తలుపు తీసి, రెండు పరుపు చుట్టలు చూసి నవ్వింది.

"ఏంటాంటీ, మీ కొట్లో ఒకటి అడిగితే ఇంకోటి ఫ్రీయా?"

ఎవరూ నవ్వలేదు. ఆ రోజు అక్క మొదటిసారి గుమ్మం దాటింది. తనే పరుపులు పరిచింది, గది ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి.

"ఇలా వేసుకోండి. గాలి బాగా ఆడుతుంది" అంది.

కూతురు గోడకి ఆనుకుని నిలబడింది. "పిన్నికి ఎన్ని కుట్టావమ్మా?"

"ఒకటి."

"అత్తయ్య కూతురికి?"

"ఒకటే. వాళ్ళు మొగుడూ పెళ్ళాలే."

"మరి మేము?"

అక్క ఆ మాట విననట్టు డ్రైవరు పిల్ల వైపు తిరిగింది. "నీకు తల్లి ఉందా అమ్మా? ఆవిడ నీకేమీ చెప్పలేదా?"

"ఉందండీ. చెప్పింది. ఆ తర్వాత నాకు తలుపు తీయలేదు. మీరు పరుపైనా తెచ్చారు, ఆవిడ కంటే మీరే నయం."

ఎగతాళి చేస్తే బాగుండేది. నిజంగానే అంది. పైగా తనే కూతురికి సర్దిచెప్పబోయింది. "పోనీలే, ఉంచేద్దాం. దగ్గరికి జరుపుకుంటే సరిపోతుంది."

"జరుపుకుంటాం. అమ్మ వస్తోందంటే మళ్ళీ దూరం జరుపుతాం. ఎన్నాళ్ళు జరుపుతూ బతుకుదాం?" అని పిల్ల వంగి ఒక పరుపు చుట్టడం మొదలుపెట్టింది. "తీసుకెళ్ళిపో అమ్మా. అందరికీ ఒక లెక్క, నాకు వేరే లెక్క ఉన్నంతకాలం నేను నీ ఇంటికి రాలేను."

ఆ పిల్లలిద్దరే వాటిని మోసుకొచ్చి వ్యాను ఎక్కించారు.

అన్నట్టుగానే రావడం మానేసింది. అక్క ఫోను చేస్తే ఎత్తేది, డ్యూటీలో ఉన్నానని పెట్టేసేది. ఆ రెండు పరుపులూ కొట్టు మూల నిలబడే ఉన్నాయి. ఎవరు అడిగినా అక్క అమ్మలేదు. కుట్టే చేతికి పని తగ్గింది, తినే నోటికి రుచి తగ్గింది.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి దబ్బనం నా చేతిలో పెట్టింది.

"నువ్వు కుట్టు. పెద్దది. నేను చెబుతాను."

"బొత్తాం కుట్టుకోవడం తప్ప నాకేం వచ్చక్కా?"

"అందుకే చెబుతానంటున్నా. బయట కొనుక్కుంటే పాత దూది కూరి అంటగడతారు వెధవలు."

చేతులు ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది. ఇటు లాగు, అటు బిగించు, అది కుట్టా కుక్క కాలా, అని తిడుతూనే ఉంది. మూల దగ్గర నాకు దబ్బనం దిగి రక్తం వచ్చింది. అక్క చెయ్యి ఠక్కున నా చేతి దాకా వచ్చి, అక్కడే ఆగి, మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళిపోయింది.

"ఏమనుకుంటూ కుడుతున్నావు?" అంది కాసేపటికి.

"వాళ్ళిద్దరూ చల్లగా ఉండాలని."

"ఆ కుట్టు విప్పి మళ్ళీ వెయ్యి" అంది.

పరుపు నేనొక్కదాన్నే తీసుకెళ్ళాను. పిల్ల మూల తడిమి చూసింది.

"ఇది అమ్మ చెయ్యి కాదు."

"కాదే. నాది. మీ అమ్మ పక్కన కూర్చుంది."

"ఎంతసేపు?"

"అయ్యేదాకా."

ఆ ఎగుడుదిగుడు మూల మీదే చెయ్యి ఉంచి అంది, "సరే పిన్నీ. అమ్మ ఎంత దగ్గరికి వస్తే నేనూ అంత దగ్గరికి వస్తాను."

ఇప్పుడు కూతురు ఆదివారాలు వస్తోంది. కొట్టు మెట్టు మీదే కూర్చుంటుంది. తల్లీ కూతుళ్ళు మోకాళ్ళ నొప్పుల గురించీ దూది ధర గురించీ మాట్లాడుకుంటారు. పిల్ల తల్లి కాలు ఒళ్ళో పెట్టుకుని మందు రాస్తుంది. అన్నం వేళకి అక్క అంటుంది:

"ఎండలో ఎందుకే, లోపలికి రా."

"ఇద్దర్నీ పిలువమ్మా, వస్తాం."

వీధి చివర డ్రైవరు పిల్ల నిలబడి ఉంటుంది. అక్క అటు చూస్తుంది. పెదవి కదిలినట్టే ఉంటుంది. కూతురు కూడా ఆ పెదవి వంకే చూస్తూ కాసేపు ఆగి, చీర దులుపుకుని లేచి వీధి చివరికి నడుస్తుంది.