తలుపు ఎవరు తీయాలి

నైట్ డ్యూటీ దిగి వచ్చిన నర్సుకు కావాల్సింది పరుపు ఒక్కటే. లోకం తగలబడిపోయినా ఆ కబురు ఆమెకు సాయంత్రం చెబితే చాలు. అలాంటి హెలెనా శనివారం మధ్యాహ్నం వెస్ట్‌మీడ్ కమ్యూనిటీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కళ్లు నులుముకుంటూ కూర్చుందంటే, అది చట్టం మీద ప్రేమతో కాదు. కొన్ని నెలలుగా ఆమె ఇంటికి మాటిమాటికీ పోలీసులు వస్తున్నారు.

ఆమె నేరమేమీ చేయలేదు. బతికుందో లేదో చూసి పోవడానికి వస్తున్నారు. ఈ దేశంలో దాన్ని వెల్ఫేర్ చెక్ అంటారు. ఫలానా ఇంట్లో ఫలానా మనిషి అలికిడి లేదు, నాకు భయంగా ఉంది అని ఎవరైనా ఫోన్ చేస్తే ఇద్దరు పోలీసులు వచ్చి తలుపు కొడతారు. తీస్తే లోపలికి వచ్చి చూస్తారు. తీయకపోతే ఒక్కోసారి బద్దలు కొట్టుకుని వస్తారు. మంచి ఏర్పాటే, కాదనడానికి లేదు. రాత్రంతా వార్డులో ఊళ్లోవాళ్ల నాడి చూసి వచ్చి, తన నాడి ఆడుతోందని యూనిఫాం వేసుకున్నవాళ్లకు పొద్దున్నే రుజువు చేసుకోవాల్సి వస్తే తెలుస్తుంది ఆ ఏర్పాటు రుచి.

మొదటిసారి నవ్వి పంపింది. తర్వాతిసారి టీ ఇస్తానంది. ఆ తర్వాత ఒకనాడు చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటే, తాళం విరగ్గొట్టి పడగ్గది దాకా వచ్చేశారు. ఆమె పెట్టిన కేకకు పాపం వాళ్లే హడలిపోయి సారీ చెప్పారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని సామెత. హెలెనాకు తోడికోడళ్లు లేరు గానీ, ఎదురు ఫ్లాట్లవాళ్లున్నారు. ఆ రోజు నుంచి లిఫ్టులో ఆమెను చూస్తే వాళ్ల మాటలు ఠక్కున ఆగిపోతున్నాయి.

"ఎవరు ఫోన్ చేశారు?" అని ప్రతిసారీ అడిగింది. చెప్పడానికి రూల్స్ ఒప్పుకోవని ప్రతిసారీ వాళ్లు మర్యాదగా చెప్పి వెళ్లిపోయారు.

చెప్పకపోయినా తనకు తెలుసనే అనుకుంది. ఎబెన్. మొగుడన్న మాట కాగితాల మీద ఇంకా మిగిలే ఉంది. ఒంటి మీద దెబ్బలు మానాక ఒక సూట్‌కేసుతో బయటికొచ్చింది. మొదటి ఇల్లు అతనికి దొరికిపోయింది. చర్చిలో ఒక ఆంటీ, ఇద్దరినీ కలిపి పుణ్యం కట్టుకుందామని, చిరునామా చేతిలో పెట్టింది. రెండో ఇల్లు ఏదో వాట్సాప్ గ్రూపు పుణ్యాన తెలిసిపోయింది. అతను వచ్చి రోడ్డుకు అవతల నిలబడి, ఏమీ చేయకుండా, కిటికీ వైపు చూస్తూ ఉండేవాడు. అతను తన దగ్గరికి రాకూడదని కోర్టు ఆర్డరు తెచ్చుకుని ఆమె ఇక్కడికి మారింది.

మారాక ఒక నియమం పెట్టుకుంది. తెలుగువాళ్ల కంట పడకూడదు. చర్చి మార్చింది, గ్రూపులన్నీ వదిలేసింది. వచ్చిన కొత్తలో మెట్ల దగ్గర కింది ఫ్లాటులో ఉండే ముసలావిడ, "తెలుగోళ్లా బిడ్డా?" అని ఆశగా అడిగితే, "సారీ?" అని ఇంగ్లీషులో అనేసి పైకెక్కిపోయింది. సొంత భాష తెలియనట్టు నటించడం అనుకున్నంత తేలిక కాదు. ఆ రోజు ఆమెకు అన్నం సహించలేదు.

ఇంత చేసినా పోలీసులు వస్తున్నారంటే, అతను మళ్లీ పసిగట్టాడన్నమాటే. తాను రావడానికి ఆర్డరు అడ్డం గనక పోలీసులను పంపుతున్నాడు. మెల్‌బోర్న్‌లో క్రాన్‌బర్న్ దగ్గర ఉదయశ్రీ అనే స్నేహితురాలు ఒక గదీ, నర్సింగ్ హోమ్‌లో ఒక ఉద్యోగమూ చూసి పెట్టింది. వచ్చేదీ లేనిదీ సోమవారం లోపు చెప్పమంది. సామాను సగం అట్టపెట్టెల్లోకి ఎక్కింది. మిగతా సగం సర్దడానికి హెలెనాకు చేతులు రావడం లేదు. పోవడానికి ఇప్పుడు భయమేం లేదు, ఓపికే లేదు. ఫోన్ చేసింది ఎబెన్ అయితే పోవాలి. కాకపోతే ఉండొచ్చు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఈ రాష్ట్రంలో ఎవరికీ అధికారం లేదు.

అందుకని వచ్చింది. వెల్ఫేర్ చెక్కుల నిబంధనలు మార్చడానికి వేసిన కమిటీ జనం మాట వింటుందని హాస్పిటల్ నోటీసుబోర్డులో చూసి, నిద్ర మానుకుని వచ్చింది. కమిటీ తరఫున మెరెడిత్ అనే లాయరు ఒక తెల్లబోర్డు పక్కన నిలబడి ఎవరేం చెప్పినా రాసుకుంటోంది.

హెలెనా వంతు వచ్చినప్పుడు జరిగిందంతా ఇంగ్లీషులో చెప్పి రెండు మార్పులు అడిగింది. ఫోన్ చేసినవాళ్ల పేరు ఆ ఇంటి మనిషికి చెప్పాలి. రెండోది, అంత బాధ ఉన్నవాళ్లు ముందు తామే వచ్చి తలుపు కొట్టి చూడాలి, అప్పుడే పోలీసులను పిలవాలి. "మనుషులు చేయాల్సిన పని యూనిఫాంకి ఎందుకు అప్పగించాలి?" అంది. హాల్లో చప్పట్లు కొట్టారు. మెరెడిత్ రెండూ బోర్డు మీద రాసింది. ఇక ఇంటికి పోయి పడుకోవచ్చని హెలెనా బ్యాగు సర్దుకుంది.

అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలావిడ లేచింది. చేనేత చీర, పైన కార్డిగన్, కాళ్లకు స్పోర్ట్స్ షూస్. కింది ఫ్లాటావిడ. తడుముకుంటూ ఇంగ్లీషులో తన పేరు కాత్యాయని అని, ఇంగ్లీషు కొంచెమే వచ్చని, మాట సాయానికి వస్తానన్న మనవరాలు అనన్యకు యూనివర్సిటీలో పరీక్ష పడిందని చెప్పింది. ఆ తర్వాత మాట సాగక నిలబడిపోయింది.

"ఇక్కడ తెలుగు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని మెరెడిత్ అడిగింది.

హెలెనా తల వంచుకుంది. తన నియమం తనకుంది. కానీ ఆవిడ కుర్చీ పట్టుకుని అలాగే నిలబడి ఉంది. కూర్చోవడం లేదు. వార్డులో నోరు పెగలని ముసలివాళ్లను చూసీ చూసీ హెలెనా చెయ్యి దానంతటదే లేచింది. లేచాక దింపడానికి సిగ్గేసింది.

"ఐ కెన్," అని ఆవిడ పక్కకు వెళ్లింది.

కాత్యాయని ఆశ్చర్యపోలేదు. "నాకు ఎరుకే బిడ్డా, నువ్వు మనదానివే అని," అని మెల్లగా అని, మెరెడిత్ వైపు తిరిగింది. ఒక్కో ముక్కా ఆవిడ చెబుతుంటే, హెలెనా ఆవిడ మాటగా 'నేను' అనే ఇంగ్లీషులో చెబుతూ పోయింది. దుబాసీ పని పద్ధతే అది.

"మా ఆయన పేరు శ్రీపతి. కరీంనగర్‌ల బడి సారు. నేను కెల్లీవిల్‌ల బిడ్డ ఇంటికి పోయిన. ఫోన్ చేస్తే ఆయన ఎత్తలే. పొద్దటిసంది చేసిన. పోలీసోళ్లకు చేస్తే, పెద్దమనిషి కద, పండుకున్నడేమో, నీతాన తాళంచెవి ఉన్నది కద, నువ్వే పోయి సూసుకో అన్నరు. పోయిన. తలుపు తీసిన."

హెలెనా అంతవరకూ ఇంగ్లీషులో చెప్పింది.

"బాత్రూంల పడి ఉన్నడు. తలుపు దిక్కు చెయ్యి చాపి ఉన్నడు. నేను వచ్చి తీస్తనని."

హెలెనా ఆ వాక్యం ఇంగ్లీషులో చెప్పింది. గొంతు తనదే, చెయ్యి చాపిన మనిషి వేరొకరి మొగుడు.

"ఇప్పుడు ఇంకో ముచ్చట చెప్పాలె," అంది కాత్యాయని. ఈసారి హెలెనా ముఖంలోకే చూస్తూ చెప్పింది. "మా మీది ఇంట్ల ఒక పిల్ల ఉంటది. ఒక్కతే. దినాం కుక్కర్ కూత ఇనవడుతది, పోపు వాసన వస్తది. నాతోని మాట్లాడది. ఏం భయమో ఏమో, నేను అడగలే. కూత ఇనవడకుంటే నా పానం కొట్టుకుంటది. మెట్లెక్కి ఆ తలుపు దాక పోత. చెయ్యి లేవది బిడ్డా. కొట్టినంక తీయకుంటే నేను ఏం చెయ్యాలె? కిందికి వచ్చి పోలీసోళ్లకు ఫోన్ చేస్త. ఆ పిల్లవు నువ్వే. ఇది గూడ చెప్పు వాళ్లకు."

హెలెనా మనసులో వారాలు లెక్కపెట్టుకుంది. నైట్ డ్యూటీ వారాల్లో తను ఇంట్లో వంట చేయదు. హాస్పిటల్ క్యాంటీన్‌లో దొరికిన బ్రెడ్డు తిని వచ్చి పడుకుంటుంది. కుక్కర్ పెట్టదు. పోలీసులు వచ్చినవన్నీ ఆ వారాలే.

ఎబెన్ కాదు. ఇక క్రాన్‌బర్న్ పోనక్కర్లేదు. ఆ వెనకే పట్టరాని కోపం వచ్చింది. ఈవిడ చెవుల కోసమా తను ఇన్ని నెలలు తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంది? ఈవిడ భయానికా తన బతుకు అట్టపెట్టెల్లో సర్దుకుంది? ఒక్కమాట, మెట్ల దగ్గర ఒకే ఒక్కమాట చెప్పి ఉంటే పోయేది కదా! అనుకున్నంతలోనే, ఆ ఒక్కమాట ఆవిడ అడిగిన రోజు తానే 'సారీ' అని పైకెక్కిపోయిన సంగతీ గుర్తొచ్చింది. కోపం ఎటూ పోలేక లోపలే తిరిగింది.

"ఏమన్నారావిడ?" అని మెరెడిత్ అడిగింది.

మింగేయొచ్చు. ఇక్కడ ఎవరికీ తెలుగు రాదు. కానీ ఆవిడ తన నోటి మీదే ఆధారపడి నిలబడి ఉంది. హెలెనా అంతా చెప్పింది, ఒక్క ముక్క వదలకుండా. "పై ఇంటి అమ్మాయి మీదికి పోలీసులను పిలుస్తున్నది నేనే," అని తన గొంతుతోనే అంది. "ఆ అమ్మాయి ఎవరో కాదు," అని ఆగి, "మీకు ఆవిడ మాటలు చెబుతున్నదే," అని ముగించింది.

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మెరెడిత్ పెన్ను చేత్తో పట్టుకుని బోర్డు వైపు చూసింది. "మీరు చెప్పిన రెండు అంశాలూ అలాగే ఉంచమంటారా?"

"మొదటిది ఉంచండి. అది తెలిసుంటే నేను ఇన్నాళ్లు చచ్చి బతికేదాన్ని కాదు. రెండోది తుడిచేయండి."

"మరి ముందు తలుపు ఎవరు కొట్టాలి?"

"తెలీదు," అంది హెలెనా. "కొట్టలేనివాళ్లు కూడా ఉంటారు."

మెరెడిత్ ఆ వరస తుడిచేసింది. దాని బదులు ఏం రాయాలో తోచక ఆ చోటు ఖాళీగా వదిలేసి, తర్వాతివాళ్లను మాట్లాడమంది.

బయట వరండాలో కాత్యాయని గోడకు ఆనుకుని నిలబడింది. హెలెనా దగ్గరికి రాగానే ఆవిడే ముందు మాట్లాడింది. "తిట్టు బిడ్డా. పడత."

తిట్టడానికి ఓపిక కావాలి. హెలెనాకు నిన్న సాయంత్రం నుంచి నిద్ర లేదు. "నైట్ డ్యూటీ వారం నేను కుక్కర్ పెట్టనండి ఆంటీ," అంది. ఈ ఇంటికొచ్చాక ఎదుటి మనిషితో ఆమె ఆడిన మొదటి తెలుగు మాట అది. "అంతే. ఇంకేం లేదు. పొద్దున్న డ్యూటీ దిగి రాగానే నేనే మీ తలుపు కొట్టి, వచ్చానని చెప్పి పైకెళ్తాను. మీరు తీయక్కర్లేదు కూడా. లోపల్నించి ఊఁ అనండి, చాలు."

కాత్యాయని తలూపింది. ఏదో లెక్కేసుకున్నట్టు నేలను చూసి, చిన్నగా అడిగింది.

"కొట్టకపోతే?"

అబద్ధం చెప్పడానికి హెలెనాకు నోరు రాలేదు. ఎబెన్ ఈ ఊళ్లోనే ఉన్నాడు. ఆర్డరు కాగితమే, గోడ కాదు.

"కొట్టకపోతే పోలీసులకి ఫోన్ చేయండి ఆంటీ," అంది. "ఆలస్యం చేయకండి. మీ పేరు చెప్పి చేయండి."