దండారా నడుము

ఆ ఏడు కార్నివాల్ ఊరేగింపుకి గాయని దండారా బొమ్మ చేసే పని జెనీల్డాకి వచ్చింది. ఒలిందా ఊళ్లో ఎంత పేరున్న పాటగత్తెకైనా, మనిషికి రెండింతల బొమ్మయి వీధుల్లో తిరిగితేనే గౌరవం. జెనీల్డా సొంతంగా చేస్తున్న మొదటి బొమ్మ ఇదే. కాగితం గుజ్జుతో ముఖం ఒత్తింది. వేదిక మీద దండారా వేసుకునే పొట్టి రవికె, నడుం కిందికి జారే మెరుపు లంగా తొడిగింది.

బొమ్మల్ని ఊరేగించే బృందానికి పెద్ద అజెనోర్ చూసి మొహం తిప్పుకున్నాడు. ఆడపిల్లలు తిరిగే వీధిలో ఈ సిగ్గుమాలిన ఒళ్లేమిటన్నాడు. పత్రికలో పాటల మీద రాసే లీవియా ఆయన్ని పాతకాలపు మనిషని వెక్కిరించింది గానీ, తనూ గుడ్డ కప్పమనే చెప్పింది. ఆ నడుము పాటల కంపెనీవాళ్లు మగవాళ్లకి అమ్ముకుంటున్న సరుకట. పాపం, దండారాకే ఆ సంగతి తెలియదట.

"పాపం అనకు లీవియా," అంది జెనీల్డా. "ఆ పిల్ల మా మెట్లవీధిలో పెరిగింది. తన ఒంటితో తనేం చేస్తోందో తనకి తెలీదా?"

"నువ్వు బొమ్మలు చేసుకోమ్మా. ఇవి వేరే సంగతులు," అన్నాడు అజెనోర్.

ఎన్నడూ ఒక మాట మీద నిలవని ఆ ఇద్దరూ కలిసి మెడ నుంచి నేల దాకా తెల్ల గౌను కుట్టించారు. అది వేస్తేనే బొమ్మ బయటికొస్తుందన్నారు.

ఊరేగింపునాడు బొమ్మలు మోసే తదేవు బొమ్మ కిందికి దూరి లేచాడు. నాలుగడుగులు వేసి బాకాలవాళ్ల మీద పడ్డాడు. మోసేవాడు దారి చూసేది బొమ్మ బొడ్డు దగ్గరి కంతలోంచే. ఇన్నేళ్లు బొమ్మల వెనక నడిచిన అజెనోర్‌కే అది గుర్తు రాలేదు.

"ఏం కనబడి చావట్లేదు. నేను మోసేది పెళ్లికూతుర్నా, శవాన్నా?" లోపలినుంచి తదేవు తిట్టాడు. జనం నవ్వారు.

బొడ్డు దగ్గర కాస్త కత్తిరిస్తే సరిపోతుందన్నాడు అజెనోర్. చుట్టూ లేసు కుడదామంది లీవియా. జెనీల్డా కత్తెర తీసింది. పడున్న బొమ్మని వెల్లకిలా తిప్పి, మెడ దగ్గర మొదలుపెట్టి గౌనుని కిందిదాకా చీల్చేసింది.

పెద్దాయనకి కోపమొస్తుందని తదేవు ఇక మోయనని బయటికొచ్చి పక్కకి తప్పుకున్నాడు. ఆ బృందంలో ఆడవాళ్లెవరూ బొమ్మ మోసింది లేదు. జెనీల్డా చెప్పులు విడిచి లోపలికి దూరింది. చట్రాన్ని భుజాలకెత్తుకుని లేచింది. పడతావని అజెనోర్ హెచ్చరించాడు.

"పడితే నువ్వే ఎత్తుదువుగాని బాబాయ్. ముందు పక్కకి జరుగు."

బాకాలు అందుకున్నాయి. ఆమె చట్రంతో సహా గిర్రున తిరిగింది. దండారా చేతులు గాల్లోకి లేచి అజెనోర్ టోపీని ఎగరగొట్టాయి.