వాలిన చతురస్రం

తొమ్మిది గంటలకి కిటికీలోంచి ఎండ వచ్చి నేల మీద పడుతుంది.

నాలుగు మూలల ఎండ. వెచ్చగా, పచ్చగా... చాక్‌పీసు పొడి అందులో మెల్లగా తేలుతూ.

పిల్లలు చెప్పులు విప్పి దాని మీద నిలబడతారు. పాదాలకి వెచ్చగా ఉంటుందని ఒకరినొకరు తోసుకుంటారు. ఒకడు పడతాడు. ఏడుస్తాడు. లేచి, తనని తోసినవాణ్ణి వదిలేసి ఇంకెవరినో తోస్తాడు.

"లైన్!" అంటుంది టీచరు.

అంతే. పాదాలన్నీ గోడవారకి చేరతాయి. ఎండ ఒక్కటే నేల మీద మిగులుతుంది.

ఆమె క్లాసు అలాగే ఉంటుంది. చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. గోడ మీద ఆమె చార్టు — ఆమే గీసి, ఆమే రంగులు వేసి, అంచులకి మెరుపు కాగితం అంటించిన చార్టు. గుండ్రం. త్రిభుజం. చతురస్రం. డైమండ్. త్రిభుజం బుద్ధిగా నేల మీద కూర్చుని ఉంటుంది. చతురస్రం నిటారుగా నిలబడి ఉంటుంది. స్కేలు కొన తాకితే చాలు, పిల్లలు ఒక్క గొంతుతో అరుస్తారు. "సర్కిల్!" "ట్రాంగిల్!" నాలుక తిరగదు, అయినా అరుపుకి లోటు లేదు.

వరండాలో వెళ్తున్న పెద్ద మేడమ్ ఆ అరుపు విని, తల ఊపి సాగిపోయేది. ఏళ్ళ తరబడి ఆ తల ఊపు మీదే బతికింది ఆమె.

ఈ ఏడు ఆ తల ఊపు రావడం లేదు. పెద్ద మేడమ్ ఆగుతోంది... కానీ పక్క గది ముందు.

పక్క గదిలోకి కొత్త టీచరు వచ్చింది.

రెండు గదుల మధ్య గోడ లేదు. చెక్క పార్టిషన్ ఒకటి ఉంది. అటు మాట ఇటు వినిపిస్తుంది. అటు నవ్వు మరీ వినిపిస్తుంది.

ఆ నవ్వుల్లో ఒకటి ఆమె కూతురిది.

టీచర్ల పిల్లలు సొంత అమ్మ క్లాసులో ఉండకూడదని ఆ బడి నియమం. ఉన్నవి రెండే క్లాసులు. పాప ఇంకెక్కడికి పోతుంది? బడిలో ఉన్నంతసేపూ అమ్మని "టీచర్" అనే పిలవాలని ఆమే నేర్పింది. పాప బుద్ధిగా నేర్చుకుంది. వరండాలో ఎదురైతే "గుడ్ మార్నింగ్ టీచర్" అనేది. అని, కన్ను గీటేది. రెండు కళ్ళూ కలిసి మూసుకుపోయేవి పాపం. ఒక్క కన్ను గీటడం ఇంకా రాదు.

ఆ మూసుకుపోయిన కళ్ళు ఆమెకి ఆ పూటంతా సరిపోయేవి.

మొదట్లో.

పార్టిషన్‌లో రెండు చెక్కల మధ్య సన్నటి సందు ఉంది. తన పిల్లలకి బొమ్మలిచ్చి రంగు వేయమని చెప్పి, ఆమె అటు వెళ్ళి నిలబడేది. కిటికీ సరిచేస్తున్నట్టు. బూజు చూస్తున్నట్టు. పార్టిషన్‌కి అంత బూజు ఎందుకు పడుతుందో ఆయాకి అర్థమయ్యేది కాదు.

అటువైపు చార్టు లేదు. ఒక గుడ్డ సంచీ ఉంది. అందులో చెక్క ముక్కలు. పిల్లలు సంచీలోకి చూడకుండా చెయ్యి పెట్టాలి. తడమాలి.

"గుచ్చుకుంటోందా? ఎన్నిచోట్ల గుచ్చుకుంటోంది?"

"మూడు!"

అటువైపు నేల మీద తాడు ఉంది. తాడుని పరిచి పిల్లలు దాని మీద నడుస్తారు. నడువు... మూల వచ్చిందా? ఆగు. తిరుగు. మళ్ళీ నడువు. గుండ్రంగా పరిచిన రోజు ఆగే చోటు దొరక్క, తిరిగి తిరిగి, పిల్లలందరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. కొత్త టీచరు కూడా పడింది. పడి నవ్వింది. టీచరై ఉండి నేల మీద పడి నవ్వడమేమిటి?

అటువైపు కూడా అదే ఎండ. దాని చుట్టూ కొత్త టీచరు పిల్లల చేత చాక్‌పీసుతో గీత గీయించేది. కాసేపు ఆడించి, మళ్ళీ తీసుకొచ్చి చూపించేది. ఎండ గీత దాటి పోయి ఉండేది. "ఎటు పోయింది? సాగిందా? వాలిందా?" పిల్లలు బోర్లా పడుకుని ఎండని పట్టుకోబోయేవారు. ఆమె కూతురు అందరికంటే ముందు.

ఆమెకి ఒళ్ళు మండేది.

దాచడమెందుకు... అసూయే. కళ్ళలో నిప్పులు పోసుకుందంటారే, అలాంటిదే. ఆ సంచీ మీద అసూయ. ఆ తాడు మీద అసూయ. పాప చెయ్యి పట్టుకుని గీత గీయించే ఆ వేళ్ళ మీద అసూయ. పార్టిషన్ సందు దగ్గర్నించి తిరిగి వచ్చి తన పిల్లల్ని చూస్తే, వాళ్ళు చతురస్రానికి గీత దాటకుండా ఎర్రరంగు వేస్తూ ఉండేవారు. ఒక్కరూ తలెత్తేవారు కాదు. అదే ఆమె ఇన్నాళ్ళూ కోరుకున్నది.

ఇంటికొస్తే ఇంట్లోనూ ఆవిడే.

"మా టీచర్ చెప్పింది—" అని లేస్తుంది పాప. "మా టీచర్ చెప్పింది—" అని పడుకుంటుంది.

"ఇంట్లో టీచరు ఉండగా అరువు టీచరు ఎందుకమ్మా నీకు?" అని నవ్వేవాడు వాళ్ళ నాన్న. అతనికేం, నవ్వుతాడు.

ఒక ఆదివారం ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చేతి రుమాలు మడిచి పాప ముందు పెట్టింది.

"ఇదేంటి చెప్పు?"

"స్క్వేర్."

ఆమె రుమాలుని కాస్త తిప్పి, ఒక మూల మీద నిలబడ్డట్టు పెట్టింది. "ఇప్పుడు?"

"స్క్వేర్."

"కాదు నాన్నా, ఇది డైమండ్."

పాప పకపకా నవ్వింది. "స్క్వేరే అమ్మా! నిలబడి నిలబడి కాళ్ళు నొప్పెట్టి పక్కకి వాలింది. వాలితే పేరు మారిపోద్దా? నేను పడుకుంటే నేను కాదా?" అని నేల మీద అడ్డంగా పడుకుని చూపించింది. "మా టీచర్ చెప్పింది."

రుమాలు ఆమె చేతిలో నలిగిపోయింది. మళ్ళీ మడతపెట్టాల్సొచ్చింది.

సోమవారం పిల్లలు రాకముందే బడికి వెళ్ళింది. చార్టు మీది చతురస్రం మీద పల్చటి కాగితం పెట్టి గీసుకుంది. ఆ కాగితాన్ని తిప్పి డైమండ్ మీద పెట్టింది.

అతికినట్టు సరిపోయింది. మూలకి మూల. అంచుకి అంచు.

తన చేత్తో తనే గీసింది రెంటినీ. ఒకటే కొలత. ఒకటే బొమ్మకి రెండు పేర్లు పెట్టి, ఇన్నేళ్ళు, ఇంతమంది పిల్లల చేత అరిపించింది.

కాగితాన్ని ఉండ చుట్టి బుట్టలో పడేసింది. చార్టుని మాత్రం దించలేదు. దించితే ఎందుకు దించారని అడుగుతారు. అడిగితే చెప్పాలి. ఎవరు నేర్పారంటే... ఆ పేరు నోటితో చెప్పాలి.

ఆ రోజు కూడా తొమ్మిదింటికి ఎండ వచ్చింది. ఆ రోజు కూడా పిల్లలు "డైమండ్!" అని అరిచారు.

ఆ వారంలోనే, మధ్యాహ్నం, టీచర్ల గదిలో డబ్బాలు తెరుచుకుని కూర్చున్నప్పుడు కొత్త టీచరు నవ్వుతూ వచ్చింది.

"అక్కా, ఇవాళ ఏమైందో తెలుసా? మీ పాప నన్ను 'అమ్మా' అనేసింది! అని వెంటనే నాలిక్కరుచుకుంది. ఎంత ముద్దొచ్చిందో అక్కా!"

అందరూ నవ్వారు. ఆమె అందరికంటే గట్టిగా నవ్వింది.

తర్వాత కుళాయి దగ్గర డబ్బా కడిగింది. కడిగిన డబ్బానే మళ్ళీ కడిగింది. నీళ్ళు పొంగి పొర్లుతున్నాయి...

నన్ను టీచర్ అంటుంది. దాన్ని అమ్మా అంటుంది.

నన్ను టీచర్. దాన్ని అమ్మా.

నేర్పింది తనే కదా, అని లోపల ఎవరో అన్నారు. ఆ లోపలి మనిషి మీద కూడా కోపం వచ్చింది ఆమెకి.

మబ్బు పట్టిన రోజున పరీక్ష పెట్టారు. కిండర్‌గార్టెన్ పిల్లలకి పరీక్షేమిటంటే ఏముంది — బొమ్మ చూపిస్తారు, పేరు చెప్పాలి, చెబితే చేతి మీద నక్షత్రం ముద్ర వేస్తారు. ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. ఎవరి క్లాసుకి వాళ్ళు పరీక్ష పెట్టకూడదు. ఎందుకంటే సొంత పిల్లలు తడబడితే టీచరు పెదవులు వాటంతటవే కదులుతాయి. అందుకని ఈ క్లాసుని ఆవిడ, ఆ క్లాసుని ఈవిడ.

అలా ఆమె పార్టిషన్ దాటి అటు వెళ్ళింది. నేల మీద ఎండ లేదు. చాక్‌పీసు గీతలు మాత్రం ఉన్నాయి.

పెద్ద మేడమ్ ఒక పక్క కుర్చీ వేసుకుని కూర్చుంది. వెనకాల, తలుపు దగ్గర, కొత్త టీచరు నిలబడింది. చేతులు కట్టుకుని, తన పిల్లల్ని చూసుకుంటూ.

ఒక్కొక్కరే వచ్చారు. తిప్పి చూపించినా, బోర్లించి చూపించినా, ఠక్కున చెప్పారు. ఆమె ముద్రలు వేస్తూ పోయింది. ప్రతి ముద్రకీ పెద్ద మేడమ్ తల ఊపింది.

ఆ తల ఊపు.

తర్వాత పాప వచ్చింది. జుట్టు ఆమే దువ్వి పంపింది పొద్దున. "గుడ్ మార్నింగ్ టీచర్" అంది పాప, పెదవులు బిగబట్టి, నవ్వు ఆపుకుంటూ. ఇది వాళ్ళిద్దరి ఆట. రెండు కళ్ళూ మూసి తెరిచింది.

ఆమె చెక్క ముక్కని ఎత్తి, ఒక మూల కిందికి వచ్చేలా పట్టుకుంది.

"స్క్వేర్!" అంది పాప.

అని... అమ్మ వైపు చూడలేదు. అమ్మ భుజం మీదుగా, తలుపు వైపు చూసింది. కొత్త టీచరు వైపు చూసి నవ్వింది. 'చూశావా, చెప్పేశాను' అన్న నవ్వు. ఇంట్లో గ్లాసెడు పాలు ఒలకకుండా తాగిన రోజున ఆమెకి దక్కే నవ్వు.

ముద్ర ఆమె చేతిలోనే ఉంది. సిరా తడిగానే ఉంది.

"బాగా చూసి చెప్పు," అంది ఆమె.

ఎంత మామూలు మాట. ఏ టీచరైనా అనే మాట. పెద్ద మేడమ్‌కి అందులో తప్పేమీ వినిపించలేదు. కానీ ఆ గొంతు పాపకి తెలుసు. గోడ మీద గీతలు గీసినప్పుడు వినిపించే గొంతు అది.

పాప నవ్వు ఆగిపోయింది. బొమ్మని చూసింది. స్క్వేరే. మళ్ళీ చూసింది. తర్వాత అమ్మ ముఖం చూసింది. చాలాసేపు చూసింది... కనుబొమ్మలు, పెదవులు, మళ్ళీ కనుబొమ్మలు.

"డైమండ్," అంది నెమ్మదిగా.

తలుపు దగ్గర కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"అయ్యో, చిన్నపిల్ల, తడబడింది," అంది పెద్ద మేడమ్.

అప్పుడైనా ఆమె ఒక్క మాట అనొచ్చు. 'ముందు చెప్పిందే కరెక్టు' అంటే పోయేది. అనలేదు. గుండెలో ఏదో చల్లగా దిగింది — హాయిగా ఉంది, ఉన్నదున్నట్టు చెప్పాలంటే చాలా హాయిగా ఉంది. నా కూతురు. నా మాటే విన్నది. ఎవరెన్ని సంచులు తెచ్చినా, ఎన్ని తాళ్ళు పరిచినా... నా మాటే.

"వెళ్ళి కూర్చో," అంది.

పాప చెయ్యి చాపే ఉంది, ముద్ర కోసం. కాసేపు అలాగే ఉంచి, తీసేసుకుంది.

సాయంత్రం గేటు దగ్గర కొత్త టీచరు ఆమెని ఆపింది. "అక్కా, తప్పు నాదే. పాపకి బాగా వచ్చనుకుని నేనే వదిలేశాను. రేపట్నించి కూర్చోబెట్టి చేయిస్తాను." గొంతు నిజంగానే బాధగా ఉంది. పాప ముందు వంగి, "ఏం పర్లేదు బంగారం," అని బుగ్గ నిమిరింది.

పాప ఆవిడ చెయ్యి అందుకోలేదు. అమ్మ కొంగు పట్టుకుంది.

ఆమె గెలిచింది. దారంతా ఆ చిన్ని పిడికిలి కొంగుని వదల్లేదు. దారంతా "మా టీచర్ చెప్పింది" అన్న మాట ఒక్కసారీ వినిపించలేదు. ఎన్ని రోజులుగానో కోరుకున్న నిశ్శబ్దం అది. రెండు వీధులు దాటేసరికి ఆ నిశ్శబ్దం ఆమెకి బరువెక్కింది.

ఇంటికొచ్చేసరికి మబ్బు విడిచింది. వంటగదిలో సాయంత్రపు వెలుతురు.

బ్రెడ్డు కాల్చింది. ఒక ముక్కని మూల పట్టుకుని, వాల్చి, పాప ముందు ఎత్తింది. సరిచేసేద్దామనే. ఇప్పుడే, ఇక్కడే, ఎవరూ లేనప్పుడు.

"ఇదేంటి చెప్పు తల్లీ?"

"బ్రెడ్డు."

ఆమెకి నవ్వొచ్చింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. "అది కాదే, షేపు! షేపు ఏంటి?"

పాప నవ్వలేదు. బ్రెడ్డు వైపు చూడలేదు. ఆమె ముఖం వైపు చూసింది.

"స్క్వేరే, బంగారం," అంది ఆమె గబగబా. "పొద్దున నువ్వు చెప్పిందే కరెక్టు. అమ్మే తప్పు. వాలినా స్క్వేరే. సరేనా?"

"స్క్వేర్," అంది పాప వెంటనే.

"మా అమ్మే!" ఆమె బ్రెడ్డుని నిటారుగా తిప్పింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ పాపకి తెలిసిన బొమ్మ. నిద్రలో లేపి అడిగినా చెప్పే బొమ్మ. "మరి ఇదో?"

పాప నోరు తెరిచింది. ఆగింది.

కళ్ళు పైకెత్తి అమ్మ కనుబొమ్మలు చూసింది. పెదవులు చూసింది. ఆమె తన ముఖంలో ఏమీ కనబడనీయకుండా ఉండాలని చూసింది... ఊపిరి కూడా బిగబట్టింది.

బ్రెడ్డు చల్లారిపోతోంది. కిటికీలోంచి పడ్డ వెలుతురు పాప బుగ్గ మీద వెచ్చగా, పచ్చగా ఉంది. పాప ఇంకా ఆమె ముఖం వైపే చూస్తోంది.